రోడ్డు వెడల్పు నోటీసు: నేత కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

ఆంధ్ర, తెలంగాణములకు వెలుపల మన తెలుగు నేతవారు తరతరములుగా స్థిరపడియున్న ఊళ్ళు చాలవరకు పెద్ద రోడ్ల ప్రక్కననే యున్నవి. షోలాపురము 65వ నంబరు జాతీయ రహదారిపై నున్నది. సేలము 44వ నంబరుపైన, బరంపురము 16వ నంబరుపైన, యానాం 216వ నంబరుపైన నున్నవి. నూలు బేళ్ళు దిగుటకు, చీరల మూటలు బజారుకు పోవుటకు ఈ రోడ్లే మనకు ఆధారము. కనుక రోడ్డు బాగుపడుటను వద్దనువారు మనలో ఎవరును లేరు. చిక్కు వేరొకచోట నున్నది. రోడ్డు వెడల్పు చేయబోవుచున్నారను వార్త నేతగాని యింటికి ఎప్పుడు చేరుచున్నది, ఎవరి నోట చేరుచున్నది, ఏ భాషలో చేరుచున్నది అనునదే ఆ చిక్కు.

సాధారణముగా మనవారికి ఈ వార్త టీ కొట్టులో తెలియును. లేదా గోడమీద ఎఱ్ఱరంగుతో గీత గీచి, అంకె వేసి పోయిన తరువాత తెలియును. "సర్వేవాళ్ళు వచ్చారట, మన వీధిలో పదడుగులు పోతుందట" అని ఒకరు, "మన వైపు కాదులే, ఎదుటి వైపేనట" అని మరియొకరు చెప్పుకొందురు. ఇట్లు నెల గడచును. చట్టము ఈ మాటలను లెక్కలోనికి తీసికొనదు. దానికి తెలిసిన తేది ఒక్కటే. అది గెజెట్టులో ప్రకటన వెలువడిన తేది.

జాతీయ రహదారుల చట్టము 1956వ సంవత్సరములోనిది. రహదారికి భూమి తీసికొను పద్ధతిని చెప్పు 3-ఎ మొదలు 3-జె వరకు గల సెక్షనులు అందులో 1997లో చేర్చబడినవి. మొదట వచ్చునది 3-ఎ ప్రకటన. ఫలాన ఊరిలో ఫలాన సర్వే నంబర్లలో ఇంత విస్తీర్ణము రహదారికి కావలెనని కేంద్రప్రభుత్వము గెజెట్టులో ప్రకటించును. భూసేకరణాధికారి దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో వేయించవలెను. అందొకటి ప్రాంతీయ భాషా పత్రిక కావలెను. భూమితో సంబంధముగల వారెవరైనను గెజెట్టు తేదినుండి 21 దినములలోపల అభ్యంతరమును వ్రాతమూలముగా ఇయ్యవచ్చును. ఈ ఘట్టములో ఇంటింటికి నోటీసు తెచ్చి యియ్యవలెనని చట్టము చెప్పలేదు. పత్రికలో ప్రకటన నాలుగు దినములు ఆలస్యముగా పడినచో ఆ నాలుగు దినములును మన గడువునుండియే పోవును. మగ్గముమీది పడుగు కోతకు వచ్చునంతలో గడువు తీరిపోవుచున్నది.

ప్రాంతీయ భాష యనగా తమిళనాట తమిళము, కర్ణాటకమున కన్నడము, మహారాష్ట్రమున మరాఠీ, ఒడిశాలో ఒడియా. యానాంవారికి తెలుగే గనుక వారికి ఈ బాధ తక్కువ. తక్కిన చోట్ల మన పెద్దలలో కొందరికి తెలుగు చదువ వచ్చునే గాని రాష్ట్రభాష చదువరాదు. పిల్లలు రాష్ట్రభాషలో చదువుకొనుచున్నారు గాని వారికి గెజెట్టు మాటలు పట్టుబడవు. కనుక నోటీసులో కనబడు నాలుగైదు మాటలను ఇచ్చట చెప్పుచున్నాను. భూసేకరణను తమిళమున 'నిల ఎడుప్పు' అందురు; కన్నడమున 'భూస్వాధీన', ఒడియాలో 'జమి అధిగ్రహణ'. మరాఠీలో దానిని 'భూసంపాదన' అందురు. మన తెలుగు చెవికి ఇది భూమి సంపాదించుట వలె వినబడును గాని, ఇచ్చట సంపాదన ప్రభుత్వమునకు, పోవుట మనకు! అభ్యంతరమునకు తమిళమున 'ఆట్చేపణై', కన్నడమున 'ఆక్షేపణె', మరాఠీలో 'హరకత', ఒడియాలో 'ఆపత్తి' అని వాడుదురు. ఆపత్తి యనగానే ఏదో ఆపద యని బరంపురమువారు బెదరనక్కరలేదు. అది మనము చెప్పుకొనుటకు ఇచ్చిన అవకాశము. నష్టపరిహారము తమిళమున 'ఇళప్పీడు', మరాఠీలో 'మోబదలా', కన్నడమున 'పరిహార', ఒడియాలో 'క్షతిపూరణ'. ఈ మాటలలో ఏదైన ఒకటి పత్రికలో సర్వే నంబర్ల పట్టికపైన కనబడినచో ఆ కాగితమును చింపి పొట్లము కట్టక సంఘము కార్యాలయమునకు తీసికొనిరావలెను.

భాష తెలిసినను మరియొక అడ్డు కలదు. ప్రకటనలో ఇంటి నంబరుండదు, వీధి పేరుండదు, ఇంటిపేరును సాధారణముగా నుండదు. ఉండునది సర్వే నంబరు. మన నేతవారిలో ఇంటి నంబరు, కరెంటు మీటరు నంబరు చెప్పగలవారు చాలమంది కలరు. సర్వే నంబరు చెప్పగలవారు పదిమందిలో ఇద్దరుందురేమో! తమిళనాట పట్టాలోను, కర్ణాటకమున పహణీలోను, మహారాష్ట్రమున సాత్-బారా ఉతారాలోను, పట్టణములలోనైనచో ప్రాపర్టీ కార్డులోను, ఒడిశాలో ఖతియానులోను ఈ నంబరు దొరకును. తాత పేరనే యున్న పట్టాను ఇంకను మార్పించుకొనని కుటుంబములు చాల యున్నవి. అన్నదమ్ములు పంచుకొని నడుమ గోడ కట్టుకొనినను కాగితములో ఒకటే ఇల్లు. ప్రకటన వచ్చిన తరువాత దీనిని సరిచేయింపబోయిన ఆఫీసులవెంట తిరుగుటతోనే 21 దినములును సరిపోవును. రోడ్డు మాట పుట్టకమునుపే చేయించుకొనవలసిన పని యిది.

ఇక అభ్యంతరమున ఏమి వ్రాయవలెను? "మేము పేదవారము, దయచూడవలెను" అని మాత్రము వ్రాసిన ఫలము తక్కువ. చట్టము అడుగునది, ఈ భూమిని ఈ పనికి ఉపయోగించుటపై నీ అభ్యంతరమేమి యని. కనుక కొలతలో తప్పున్నచో అది వ్రాయవలెను. సర్వే నంబరు తప్పు పడినచో అది వ్రాయవలెను. ఎదుటివైపు ఖాళీ పోరంబోకు భూమి యుండగా గీత మగ్గముల వరుసమీదుగా పోయినచో ఎన్ని మగ్గములు, ఎన్ని కుటుంబములు అని లెక్కతో వ్రాయవలెను. అద్దకపు షెడ్డు, బావి, పడుగు సాచు స్థలము పోవునట్లున్నచో వ్రాయవలెను. వ్రాసి యిచ్చినవారిని అధికారి స్వయముగా గాని, వకీలు ద్వారా గాని వినవలెనని 3-సి సెక్షను చెప్పుచున్నది. వ్రాసి యియ్యనివారికి వినికిడి లేదు. ముద్ర, తేది వేసిన రసీదు లేక కాగితము ఇచ్చిరావద్దు.

పడుగు సాచు స్థలమును గూర్చి ఒక మాట. తెల్లవారుజామున వీధి పొడవున పడుగు సాచి, గంజి పెట్టి, కుంచె తీయు పని తెలియనివానికి ఆ స్థలము ఉత్త ఖాళీనేలగా కనబడును. తమిళనాట సేలము మొదలగుచోట్ల ఇందుకు వేరుగా 'పావడి' యను స్థలములే యున్నవి. ఇవి ఒక్కని సొత్తు కావు గనుక వీనికై అభ్యంతరము వ్రాయువాడును ఒక్కడుండడు. అందరి సొత్తు ఎవరి సొత్తును గాకుండ పోవును. ఇట్టిచోట కులసంఘము గాని, సహకార సంఘము గాని తీర్మానము చేసి తన పేరనే అభ్యంతరము దాఖలు చేయవలెను. వీధి పోయిన పిమ్మట మగ్గములు మిగిలినను పడుగు ఎక్కడ చేయుదురు?

మన భాషలో వ్రాసిన చెల్లునా యని అడుగువారు కలరు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఎవరైనను తమ ఇబ్బందిని గూర్చిన విన్నపమును, యూనియనులో వాడుకలోనున్న ఏ భాషలోనైనను కేంద్రప్రభుత్వాధికారికి సమర్పింపవచ్చును. తెలుగు విన్నపమును త్రోసివేయుటకు వీలులేదు. ఐతే హక్కు వేరు, పని జరుగుట వేరు. బల్లమీది గుమాస్తాకు తెలుగు రానిచో మన కాగితము అనువాదమునకై ఎచ్చటనో పడియుండును, గడువు మాత్రము నిలువదు. కనుక తెలుగు ప్రతికి రాష్ట్రభాషా ప్రతిని గూడ జతచేసి యిచ్చుట మేలు. సమాచార హక్కు చట్టము (2005) క్రింద రోడ్డు గీత, వెడల్పు, పటములు అడుగవచ్చును. దానికి దరఖాస్తు మాత్రము ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండవలెను. జవాబుకు గడువు 30 దినములు. అభ్యంతరమునకేమో 21. ప్రకటన చూచి సమాచారమడుగుటకు కూర్చున్నచో సమాచారము వచ్చునప్పటికి గడువు పోయి యుండును. వార్త గాలిలో నున్నప్పుడే దరఖాస్తు పెట్టవలెను.

కొత్త జాతీయ రహదారులకు, కొన్ని పెద్ద విస్తరణలకు వాతావరణ అనుమతి కావలసియుండును. భూమి కొత్తగా తీసికొనవలసిన అట్టి పనులకు 2006 నాటి ప్రకటన ప్రకారము బహిరంగ విచారణ జరుపుదురు. దీనిని నడపునది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కనీసము 30 దినముల ముందు పత్రికలలో తెలుపవలెను. నివేదిక సంగ్రహమును స్థానిక భాషలో కలెక్టరు ఆఫీసు, జిల్లా పరిశ్రమల కేంద్రము మొదలగు చోట్ల ఉంచవలెను. ఈ సభకు కోరము లేదు. అనగా మనము పోకున్నను సభ జరిగినట్లే. పోయి మాటాడినచో సభ ముగింపున మన మాట వ్రాతలో పడినదా లేదా యని చూచుకొనవచ్చును. ఏలయనగా నాటి కార్యక్రమ సారమును స్థానిక భాషలో సభకు చదివి వినిపించవలెనని నిబంధన కలదు. మనవారిలో రాష్ట్రభాష ధారాళముగా మాటాడువారిని ఇద్దరిని ముందే ఏర్పరచుకొని పోవుట మంచిది.

3-ఎ ప్రకటన వచ్చినంతనే ఇల్లు పోయినదని దిగులుపడి ఎవరు చెప్పిన ధరకు వారికి అమ్మివేయువారిని గూర్చి వినుచున్నాము. అది తొందరపాటు. 3-ఎ అనునది ఉద్దేశము చెప్పుట మాత్రమే. అభ్యంతరములు విన్న తరువాత 3-డి ప్రకటన వచ్చును. అప్పుడే భూమి కేంద్రప్రభుత్వము పరమగును. ఒక సంవత్సరములో 3-డి రానిచో 3-ఎ తనంతట తానే రద్దగును. కోర్టు నిలుపుదల యున్న కాలమును మాత్రము ఈ సంవత్సరములో లెక్కింపరు. చెన్నై-సేలము ఎనిమిది వరుసల రోడ్డు సంగతి ఇందుకు నిదర్శనము. కాంచీపురము, తిరువణ్ణామలై, కృష్ణగిరి, ధర్మపురి, సేలము జిల్లాలమీదుగా పోవు ఈ 277 కిలోమీటర్ల రోడ్డుకు 2018లో ప్రకటనలు వెలువడినవి. మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్ 8న వానిని కొట్టివేసెను. సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 8న ఆ తీర్పును చాలవరకు త్రోసిపుచ్చి, 3-ఎ ప్రకటనకు ముందే వాతావరణ అనుమతి యుండనక్కరలేదని చెప్పినది. కాని భూమి ఇంకను ప్రభుత్వపరము గాకుండగానే రెవెన్యూ దాఖలాలలో పేర్లు మార్చుట తగదని, వానిని పూర్వమువలె దిద్దవలెనని హైకోర్టు చెప్పిన భాగమును నిలిపినది. ప్రకటన వచ్చిన పిమ్మట మీ పట్టాలో మీ పేరున్నదో లేదో మరల ఒకసారి చూచుకొనుడు.

3-డి తరువాత పరిహారము నిర్ణయించుటకు ముందు మరియొకసారి రెండు పత్రికలలో ప్రకటన వేసి, సంబంధముగల వారందరిని హాజరై తమ హక్కు చెప్పుకొనుడని పిలుతురు. ఇది 3-జి. నేతవారికి నా దృష్టిలో ఇదియే ముఖ్యమైన ఘట్టము. లెక్కలో చూడవలసినవేవో ఈ సెక్షనే చెప్పుచున్నది: భూమి బజారు ధర, ముక్కగా విడగొట్టుట వలన మిగిలిన భాగమునకు కలుగు నష్టము, ఇతర స్థిరాస్తికి గాని సంపాదనకు గాని కలుగు నష్టము, నివాసము లేక వ్యాపారస్థలము మార్చుకొనుటకగు ఖర్చు. గుంట మగ్గమున్న ముందరి గది పోయినచో పోయినది పదడుగుల గోడ కాదు. గుంట త్రవ్వించుట, మగ్గము విప్పి నిలుపుట, జాకార్డు దింపి ఎక్కించుట, ఆ దినములలో ఆగిన కూలి, ఇవన్నియు ఈ మాటల క్రిందికి వచ్చునట్లు వివరముగా వ్రాసి యడుగవలెను. మనము చెప్పనిది కొలతకు వచ్చిన ఇంజనీరు తనంతట తాను వ్రాసికొనడు. ఆయన కంటికి గుంట మగ్గము నేలలోని గొయ్యి మాత్రమే.

డబ్బు లెక్క ఇట్లుండును. 2013 నాటి భూసేకరణ చట్టములోని పరిహారపు సూత్రము జాతీయ రహదారులకు 2015 నుండి వర్తించుచున్నది. పట్టణములో భూమి బజారు ధర 3,00,000 రూపాయలు, పోవు కట్టడము విలువ 2,00,000 రూపాయలు అనుకొందము. మొత్తము 5,00,000. దానికి సమానముగా సొలేషియము మరియొక 5,00,000. వెరసి 10,00,000. ఇదిగాక భూమి ధరమీద ప్రకటన తేదినుండి ఏడాదికి నూటికి 12 చొప్పున చేర్తురు. పల్లెలలో భూమి ధరను రాష్ట్రప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము ఒకటినుండి రెండింతలవరకు హెచ్చవేసిన పిమ్మట ఈ లెక్క కట్టుదురు. తృప్తి లేనివారు కేంద్రము నియమించిన ఆర్బిట్రేటరు వద్దకు పోవచ్చును. సాధారణముగా కలెక్టరే ఆ పని చూచుచుండును. పరిహారము సొమ్ము జమకట్టిన తరువాతనే, 60 దినుముల గడువుతో స్థలము అప్పగింపుమని వ్రాతమూలమైన నోటీసు ఇయ్యవలెను.

అద్దె యింటిలో మగ్గము వేసికొన్నవాని గతి యేమి? ఈ ప్రశ్న మా సంఘములో పెక్కుసారులు వచ్చినది. 2013 చట్టములో 'బాధిత కుటుంబము' అను మాటకు ఇచ్చిన అర్థములో భూమి లేకున్నను, ఆ ప్రాంతమున మూడు సంవత్సరములుగా పనిచేయుచు, భూసేకరణవలన జీవనాధారము దెబ్బతిను చేతిపనివారును చేర్చబడియున్నారు. చేతిపనివారనగా మనమే. బలవంతముగా స్థలము విడువవలసివచ్చిన చేతిపనివారి కుటుంబమునకు ఒకేసారి ఇచ్చు సహాయము 25,000 రూపాయలకు తగ్గకూడదని రెండవ షెడ్యూలులో నున్నది. అట్లు కదలిపోవు కుటుంబమునకు సామాను రవాణాకు 50,000, పునరావాస భత్యము 50,000, ఏడాదిపాటు నెలకు 3,000 చొప్పున జీవనభృతియు అందే వ్రాయబడియున్నవి. ఇవి కదలిపోవువారికే గాని గోడ పోయి యిల్లు నిలిచినవారికి కాదు.

మూడు సంవత్సరములుగా ఈ ఇంట నేయుచున్నాడని రుజువేమి? రేషను కార్డు నివాసమును చెప్పును గాని పనిని చెప్పదు. 2019–20 చేనేత గణన తరువాత ఇచ్చిన పహచాన్ కార్డు కొంతవరకు పనికివచ్చును. వీని కన్నిటికంటె గట్టి సాక్ష్యము సంఘము వద్దనే యున్నది: నూలు పంపిణీ పుస్తకము, బట్ట జమ చిట్టా, కూలి చెల్లింపు రిజిస్టరు. నెలనెలకు సంతకముతో, తేదితో ఉన్న ఈ పుస్తకములు అద్దెమగ్గపు నేతగానికి పట్టా వంటివి. ఐతే వీనిలో సభ్యుని విలాసము చేరిననాటిదే యుండును. మూడిండ్లు మారినను రిజిస్టరులో పాత వీధియే. ఆ రిజిస్టరును అధికారి ముందుంచినచో మేలుకు మారు కీడగును. కనుక ప్రతి సంఘమును విలాసములు దిద్ది, ఎవరి యింట ఎన్ని మగ్గములు, గుంట మగ్గమా, చట్రపు మగ్గమా, సొంతయిల్లా, అద్దెయిల్లా, సర్వే నంబరెంత యని ఒక పట్టీ వ్రాసి యుంచవలెను. మాస్టరు వీవర్ల షెడ్లలో కూలికి నేయువారికి ఈ పుస్తకములును లేవు. వారు ఏ కొద్దిపాటి కూలిచీటియైనను దాచుకొనవలెను. లేనిచో ఇకమీదట బ్యాంకు ఖాతాద్వారా కూలి తీసికొనుట మంచిది.

భూమి ఒక్క అడుగైనను పోని యింటికి గూడ రోడ్డు పనితో సంబంధము లేకపోలేదు. రోడ్డుమీద పొరపై పొర వేయుచు వచ్చిన కొలది రోడ్డు ఎత్తగుచున్నది, మన గడప పల్లమగుచున్నది. తక్కినవారి యింటిలో నీరు చొచ్చిన తుడిచికొందురు. మన యింటిలో ఆ నీరు తిన్నగా గుంటలోనికి దిగును. కాలితొక్కుళ్ళు నాని, పడుగు చెమ్మపట్టి, ఒక వానకు వారము పని పోవును. పాత పొరను చెక్కి తీయక కొత్త పొర వేయరాదని తమిళనాడు ప్రధాన కార్యదర్శి 2021లో శాఖలకు ఆదేశమిచ్చినారు. ఇతర రాష్ట్రములవారును దీనిని ఎత్తిచూపి యడుగవచ్చును. పని మొదలు కాకముందే అడుగవలసినవి మూడు: పూర్తియైన రోడ్డు మట్టము మా గడపకు ఎంత ఎత్తున నుండును, కాలువ ఏవైపు పారును, కాలువమీద పలక ఎచ్చట వేయుదురు. తారు ఎండిన తరువాత అడిగిన జవాబు చెప్పువాడుండడు. పని సాగు దినములలో దుమ్ము మరియొక బాధ. గంజి తడిమీదనున్న పడుగుపై రోడ్డు దుమ్ము పడినచో మరల కడుగుట కలలోని మాట. ఉదయము పడుగు చేయు వేళ ముగియువరకు ఆ వీధిలో మట్టి లారీలు నడపవద్దని, నీళ్ళు చల్లుమని కంట్రాక్టరుకు, ఇంజనీరుకు ముందుగా వ్రాసి యిచ్చినచోట కొంత మన్నన జరుగుచున్నది.

"మీది ఆక్రమణ, పరిహారము లేదు, రేపే ఖాళీ చేయుడు" అను మాట వినబడినపుడు ఏమి చేయవలెను? ఉత్తర ప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు విస్తరణకై ఒక పత్రికా విలేఖరి యిల్లు కూల్చినారు. వ్రాతమూలమైన నోటీసు లేదు, దండోరా మాత్రమే. సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న దీనిని గట్టిగా ఖండించి, 25 లక్షల రూపాయలు తాత్కాలిక పరిహారముగా ఇప్పించి, రోడ్డు విస్తరణకు ఒక క్రమమును అన్ని రాష్ట్రములకు నిర్దేశించినది. మొదట దాఖలాలనుబట్టి ఇప్పటి రోడ్డు వెడల్పెంతో తేల్చవలెను. తరువాత కొలిచి ఆక్రమణ యున్నదో లేదో చూడవలెను. ఉన్నచో వ్రాతమూలముగా నోటీసు ఇయ్యవలెను. అభ్యంతరము చెప్పినచో కారణములు చూపుచు ఉత్తర్వు వ్రాయవలెను. అది త్రోసివేసినను తొలగించుకొనుటకు తగినంత గడువియ్యవలెను. ఉన్న ప్రభుత్వభూమి చాలనిచో చట్టప్రకారము భూమి సేకరింపవలెను. మీ వీధికి మైకు కట్టిన బండి వచ్చినచో, ఈ తీర్పు చూపి, వ్రాతలో ఇండని వినయముగా అడుగుడు.

ఇంతవరకు చెప్పిన సెక్షనులు జాతీయ రహదారులవి. రాష్ట్ర రహదారులకు మహారాష్ట్రమున 1955 చట్టము, కర్ణాటకమున 1964 చట్టము, తమిళనాట 2001 చట్టము వేరువేరుగా నున్నవి. పురపాలక సంఘపు వీధులకు పట్టణ ప్రణాళిక చట్టములున్నవి. గడువులును వేరు. నోటీసు మొదటి పంక్తిలోనే ఏ చట్టము, ఏ సెక్షను అని యుండును. ముందది చూడవలెను.

సంఘములు చేయవలసినదేమనగా, ప్రాంతీయ పత్రికలలో ఒకదానిని తెప్పించి, ప్రకటనల పుటను దినదినము చూచుటకు ఒకరిని నియమించవలెను. గెజెట్టు ప్రకటనలు ఇప్పుడు ప్రభుత్వపు ఈ-గెజెట్ వెబ్‌సైటులో దొరకుచున్నవి. కాలేజీలో చదువు పిల్లలు వారమునకొకసారి చూచి చెప్పగలరు. దొరకినదానిని తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి బోర్డుమీద అంటింపవలెను. తెలుగు మాటాడుటయే గాని చదువనేరనివారు మనలో నానాటికి హెచ్చుచున్నారు గనుక, నూలు పంచు దినమున అందరు కూడినపుడు చదివి వినిపించవలెను. కండెలు చుట్టు ఆడవారు ఆ సమయమున అచ్చటనే యుందురు. ఇంటి కాగితములు ఏ పెట్టెలో నున్నవో తెలిసినవారు వారే.

ఇంకొక్క సంగతి. 1997 నుండి 2015 వరకు జాతీయ రహదారులకు భూమి పోగొట్టుకొన్నవారికి సొలేషియము గాని, దానిమీది వడ్డీ గాని ఇయ్యలేదు. 3-జె సెక్షను అడ్డు వచ్చుచుండెను. ఆ అడ్డు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరు 19న తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఇకముందు జరుగు సేకరణలకే వర్తింపజేయవలెనని రహదారుల సంస్థ కోరగా 2025 ఫిబ్రవరిలో నిరాకరించినది. మొదటి నాలుగు వరుసల రోడ్డు పడిననాడు ముందరి గదియో, పెరడో పోగొట్టుకొన్న కుటుంబములు మనలో నున్నవి. అట్టివారు నాటి అవార్డు ప్రతిని, సొమ్ము అందిన రసీదును వెదకి తీసి, ఆలస్యము చేయక ఒక న్యాయవాదికి చూపవలెను. అవార్డు ప్రతి పోయినవారు భూసేకరణాధికారి కార్యాలయమున నకలుకు దరఖాస్తు చేయవచ్చును. దానికి ఊరిపేరు, సర్వే నంబరు, అవార్డు సంవత్సరము కావలెను.